240 డాలర్లు పెట్టి కొన్న హోమ్‌స్కూలింగ్ కోర్సు: ఏడాది వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను, ఈ కోర్సుకి 5కి 2 ఇస్తున్నాను. ఆ 2 ఎందుకిచ్చానో, మిగతా 3 ఎందుకు తగ్గించానో చెప్పడానికే ఇంత రాస్తున్నాను. ఈ మధ్య డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు, ముఖ్యంగా మా చర్చిలో చిన్నపిల్లలున్న తల్లులు "అక్కా, నువ్వు ఏడాది ఇంట్లోనే చదివించావు కదా, ఆవిడ కోర్సు కొనమంటావా?" అని వరుసగా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసేస్తే అందరికీ పనికొస్తుందనిపించింది. ఆన్‌లైన్లో ఆ కోర్సు అమ్మే ఆవిడ పేరు రాయను. నాకు ఆవిడ మీద కక్ష ఏమీ లేదు, పైగా ఆవిడ పిల్లల పేర్లు, మొహాలు ఇప్పటికే లక్షలమందికి తెలుసు, నా వల్ల ఇంకో పదిమందికి తెలియక్కర్లేదు.

మాది ఒంగోలు. మా ఆయన ఉద్యోగం మీద డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చాం. నేను ఎంసీఏ చేసి హైదరాబాద్‌లో నాలుగేళ్లు పనిచేసి, పెళ్లయ్యాక హెచ్-4 మీద, అంటే ఉద్యోగి భార్యకిచ్చే డిపెండెంట్ వీసా మీద, ఇక్కడికి వచ్చి ఇంట్లో ఉండిపోయాను. 2015 నుంచి హెచ్-4 వాళ్లలో కొందరికి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు కానీ దానికి భర్త గ్రీన్ కార్డు ఫైలు ఒక దశ దాటాలి, మాకు అది చాలా ఆలస్యమైంది. చదువు ఉండి, చేతిలో పని లేక, పొద్దున్నే అందరూ వెళ్లిపోయాక ఇంట్లో ఒక్కతే ఉండే ఆడమనిషికి "నీ పిల్లలకి దేవుడు నియమించిన గురువువి నువ్వే" అని ఎవరైనా అంటే ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. ఇక్కడ మనవాళ్లలో అలాంటి తల్లులు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు.

ఇంకో కారణం భయం. 2022 మే 24న యువాల్డేలో బడిలోకి దూరి 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని కాల్చి చంపారు. అది మాకు దూరమే, అయినా టెక్సస్‌లోనే కదా. మరుసటి ఏడాది మే 6న అల్లెన్ మాల్‌లో కాల్పులు జరిగాయి, అది మా ఇంటికి కారులో ఇరవై నిమిషాలు, అంతకు రెండు వారాల ముందే అక్కడ మా చిన్నోడికి బూట్లు కొన్నాం. చనిపోయిన 8 మందిలో మన హైదరాబాద్ అమ్మాయి ఒకరు. ఆ వారం మా పెద్దది బడి నుంచి వచ్చి అన్నం తింటూ "అమ్మా, లాక్‌డౌన్ డ్రిల్లులో లైట్లు ఆపేసి మూల కూర్చోమంటారు కదా, అప్పుడు తుమ్ము వస్తే ఏం చెయ్యాలి?" అని అడిగింది. బడిలోకి తుపాకీతో ఎవరైనా వస్తే ఎలా దాక్కోవాలో చేయించే సాధన అది. మా పిల్లకప్పుడు ఏడేళ్లు. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్ తిప్పుతుంటే ఈవిడ పోస్టు కనిపించింది.

ఆవిడ అమెరికన్ క్రైస్తవ తల్లి, ఏడుగురు పిల్లలు, ఒక్కరిని కూడా బడికి పంపలేదు. పోస్టులు ఎలా ఉంటాయంటే, తెల్లారకముందే లేచి రొట్టె పిండి కలిపిన ఫోటో, పక్కన తెరిచిన బైబిలు, బల్ల చుట్టూ వరుసగా కూర్చున్న పిల్లలు, కిటికీలోంచి ఎండ. కింద రాత. మా తొమ్మిదేళ్లవాడు ఈ ఏడాది రెండు తరగతులు పూర్తి చేశాడు, మా ఆరేళ్లది బైబిల్లో సామెతల గ్రంథం మొదటి అధ్యాయం గడగడా చదివేసింది, మా పిల్లలకి విసుగు అనే మాటే తెలియదు, మా ఇంట్లో కొట్లాటలు ఉండవు, మీ పిల్లలు పసుపు బస్సు కోసం చలిలో నిలబడే వేళకి మా పిల్లలు లెక్కలు, లాటిన్ పూర్తి చేసి కోళ్లకి మేత వేస్తున్నారు, ఇలా. ఇప్పుడు చదివితే గొప్పలు అని తెలిసిపోతోంది. ఆ రాత్రి నాకు గొప్పల్లా కనిపించలేదు, దేవుడు నా కోసమే పంపిన జవాబులా కనిపించింది. 240 డాలర్లు కట్టేశాను, మా ఆయన్ని పొద్దున అడిగాను.

టెక్సస్‌లో పిల్లని బడి మాన్పించడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది. 1994లో ఇక్కడి రాష్ట్ర సుప్రీం కోర్టు లీపర్ కేసులో ఇంటి బడిని ప్రైవేటు బడి కింద లెక్కగట్టింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ అయిదూ పుస్తకాలో వీడియోలో ఏదో ఒక పాఠ్యక్రమం పెట్టుకుని నిజాయితీగా చెప్తే చాలు. సైన్సు ఆ జాబితాలో లేదు, చరిత్ర లేదు. ఏడాది చివర పరీక్ష లేదు, ఎవరూ వచ్చి చూడరు. బడికి ఒక ఉత్తరం మెయిల్ చేశాను, అంతే. ఇది మంచా చెడా అని ఇక్కడ వాదించను. నేను చెప్పేది ఒక్కటే, అడిగేవాడు లేనిచోట మీరు కొన్న కోర్సు ఎంత బాగుంటే మీ పిల్ల చదువు అంతే ఉంటుంది, అందుకే కొనేముందు చీరకి అంచు చూసినట్టు చూడాలి, నేను చూడలేదు.

వచ్చిందేమిటంటే 212 పేజీల పీడీఎఫ్, 36 వారాల ప్రణాళిక, వారానికో వీడియో, తల్లులకి ఒక ప్రైవేటు గ్రూపు. ప్రింట్ మన ఖర్చే. పొద్దున ప్రార్థన, కంఠతా వాక్యం, ఒక కీర్తన, ఒక పద్యం, తర్వాత పదిహేను ఇరవై నిమిషాల చిన్న చిన్న పాఠాలు, పాఠం చదివి వినిపించాక పిల్ల దాన్ని పుస్తకం మూసేసి తన మాటల్లో తిరిగి చెప్పాలి, మధ్యాహ్నం ఆరుబయట చెట్లూ పిట్టలూ చూసి బొమ్మ గీయాలి. ఈ పద్ధతి చాలా మంచిది, నేను ఇచ్చిన 2 దీనికే. కాకపోతే ఇది ఈవిడ కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో షార్లెట్ మేసన్ అనే విద్యావేత్త వందేళ్ల కిందటే చెప్పి, రాసి, 1923లో చనిపోయింది. ఆవిడ పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పీడీఎఫ్‌లో ఎక్కడా ఆ పేరు లేదు, అంతా తనకి ప్రార్థనలో తట్టినట్టే రాసుకుంది. ఈ సంగతి నాకు డిసెంబరులో లైబ్రరీలో ఒకావిడ చెబితే తెలిసింది.

ఆ తిరిగి చెప్పడం మాత్రం మా ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, ఎందుకంటే నేను దాన్ని తెలుగులో చేయించాను. కోర్సులో అలా లేదు, నాకే తోచింది. దావీదు, గొల్యాతు కథ చదివి వినిపించాక చెప్పమంటే మా పెద్దది లేచి నిలబడి "వాడేమో ఇంత పొడుగు, ఇనుప చొక్కా. దావీదేమో బుడ్డోడు, అన్నలకి క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడు" అని మొదలుపెట్టి, స్లింగ్‌కి తెలుగు మాట తెలీక ఆగిపోయింది. అప్పటికప్పుడు ఒంగోలుకి ఫోన్ చేశాం. మా అమ్మ "వడిసెల అంటారే, జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలడానికి మీ తాత తిప్పేవాడు" అని చెప్పి, కొంగు చివర బెండకాయ ముక్క పెట్టి వీడియోలో తిప్పి చూపించింది. ఆ రోజు నుంచి మా పిల్లకి ఆ మాట పోలేదు. ఏడాది తిరిగేసరికి దాని తెలుగు ఎంత బాగుపడిందంటే అమ్మమ్మతో గంటసేపు మాట్లాడుతుంది. ఇది బడికి పంపుతూ కూడా రాత్రిపూట చేసుకోవచ్చు, 240 డాలర్లు అక్కర్లేదు, ఏ పిల్లలకైనా చేసి చూడండి.

ఇక లెక్కలు. ఇక్కడే నాకు కడుపు మండుతుంది. లెక్కల పుస్తకం విడిగా కొనుక్కోండి, లేదా మా వంటింటి లెక్కలు వాడండి అని ఉంది. వంటింటి లెక్కలంటే రొట్టె చేస్తూ కప్పులు కొలవడం, గుడ్లు లెక్కపెట్టడం. తీసివేతకి ఒక్క పేజీ, దాని కింద "బలవంతం చెయ్యకండి, బిడ్డ సిద్ధమైనప్పుడు దానంతట అదే వస్తుంది" అని. ఆవిడ పోస్టుల్లో రెండు తరగతులు దాటేసిన కొడుకు కనిపిస్తున్నాడు కదా అని నేనూ నమ్మాను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా ఆయన ఊరికే సరదాగా 402లోంచి 187 తీసెయ్యమ్మా అన్నాడు. అది కాగితం మీద చక్కగా నిలువుగా వేసి, గీత గీసి, 385 అని రాసింది. మా ఆయన నా వైపు చూశాడు. నేను దాని నోటు పుస్తకం తెచ్చి వెనక్కి తిప్పాను. ప్రతి లెక్కలోనూ పైన చిన్న అంకె ఉంటే కింద ఉన్న పెద్ద దాంట్లోంచి దాన్ని తీసేస్తోంది, అప్పు తెచ్చుకోవడం అనేదే లేదు. అక్టోబరు నుంచి అలాగే చేస్తోంది. వాటి మీద అన్నిటికీ నేను నక్షత్రాలు పెట్టాను, ఎందుకంటే పేజీ అందంగా ఉంది, నేను జవాబు సరిచూడలేదు. కంఠతా వాక్యాలు మాత్రం నలభై వచ్చు. మా పెద్దది మొద్దు కాదు, దానికి చెప్పినవాళ్లు లేరు, చెప్పాల్సింది నేను.

దీని గురించి గ్రూపులో మర్యాదగానే అడిగాను, మూడో తరగతి తీసివేత ఎక్కడ చెప్పాలి, ఏ పుస్తకం కొనమంటారు అని. ఒకరిద్దరు తల్లులు మాకూ ఇదే ఇబ్బంది అని రాశారు. పొద్దునకల్లా నా ప్రశ్న, వాళ్ల జవాబులు అన్నీ తీసేశారు. విడిగా ఒక మెసేజ్ వచ్చింది, "పోల్చుకోవడం సంతోషాన్ని దొంగిలిస్తుంది, ప్రార్థించండి, నిదానంగా వెళ్లండి" అని. రీఫండ్ అడిగితే కొన్న ఏడు రోజుల్లోపే అన్నారు. కోర్సులో లోపం అయిదు నెలలకి బయటపడింది, ఏడు రోజుల్లో ఎలా తెలుస్తుంది? కస్టమర్ సర్వీసుకి నేను సున్నా ఇస్తాను.

సైన్సు గురించి రెండు మాటలే. సృష్టి ఆరు రోజులు, భూమి వయసు కొన్ని వేల ఏళ్లు అని ఉంది, అక్కడితో సరి. నేను దేవుడు సృష్టికర్త అని నమ్మే మనిషిని. మా నాన్న ఒంగోలులో ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాడు, ప్రతి ఆదివారం గుడిలో, అంటే చర్చిలో, వాక్యం చదివాడు, రెండిటికీ ఆయనకి ఎప్పుడూ గొడవ రాలేదు. ఫ్రిస్కో లైబ్రరీ కొత్త భవనంలో పెద్ద డైనోసార్ బొమ్మ ఉంటుంది, దాని కింద నిలబడి మా చిన్నోడు ఇది ఎప్పటిది అని అడిగితే కోర్సులో ఉన్న జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు, నాన్న చెప్పినట్టే చెప్పాను.

అసలు ఈ కోర్సులో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది దేనిమీదో చెప్తాను. ఫోటోల మీద. ప్రతి శుక్రవారం మన ఇంటి బల్ల ఫోటో గ్రూపులో పెట్టాలి, ఆవిడకి నచ్చినవి తన పేజీలో పెడుతుంది. వెలుతురు ఎటు నుంచి రావాలో, బల్ల మీద ఏం ఉండకూడదో, ప్లాస్టిక్ సామాను తీసెయ్యాలని, ఆరు పేజీలు రాసింది. తీసివేతకి ఒక పేజీ, ఫోటోకి ఆరు పేజీలు. నాకది అప్పుడు తప్పుగా తోచలేదు, నేను కూడా గురువారం రాత్రే బల్ల తుడిచి, పూలు తెచ్చి, స్టీలు డబ్బాలు దాచేదాన్ని. నవంబరులో ఒక శుక్రవారం పెద్దదాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పుస్తకం చేతిలో పెట్టి, నాలుగైదు ఫోటోలు తీశాను. అయ్యాక అది పుస్తకం మూసేసి, నా మొహం వంక చూసి "అయిపోయిందా అమ్మా? ఫోటో వచ్చేసిందిగా, ఇంక చదవక్కర్లేదా?" అంది. అల్లరిగా అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. దాని బుర్రలో చదువంటే ఫోటో అయ్యేదాకా చేసేది అని పడిపోయింది. ఆ ఫోటో ఆవిడ పేజీలో వచ్చింది, నాలుగు వేల లైకులు వచ్చాయి, మా చర్చిలో ఇద్దరు నన్ను మెచ్చుకున్నారు, ఇద్దరూ తర్వాత ఆ కోర్సు కొన్నారు. ఆ ఇద్దరికీ నేను క్షమాపణ చెప్పాను.

మనకి సాక్ష్యం చెప్పడం అలవాటే. తెలుగు సంఘాల్లో ఆదివారం ఎవరో ఒకరు లేచి దేవుడు నాకు ఈ మేలు చేశాడు అని చెప్తారు. మా నాయనమ్మ వెనక వరుసలో కూర్చుని విని, ఇంటికొచ్చాక "వాడి సాక్ష్యంలో దేవుడు రెండుసార్లు వచ్చాడు, వాడి కొడుకు ఇంజనీరింగ్ సీటు పదిసార్లు వచ్చింది" అనేది. నవ్వుతూ కాదు, బాధపడుతూ అనేది. ఈవిడ పోస్టులన్నీ వరుసగా చదివితే నాకు నాయనమ్మ గొంతే వినిపించింది. ప్రార్థన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని చెయ్యమన్న ప్రభువు మాట మనందరికీ కంఠతా వచ్చు. తలుపు తీసి, కెమెరా స్టాండు పెట్టి, పిల్లల్ని మోకాళ్ల మీద నిలబెట్టి చేసే ప్రార్థన పిల్లలకి ఏం నేర్పుతుంది?

నన్ను అన్నిటికంటే గుచ్చింది ఆవిడ బడిని తిట్టడం. బడులు సాతాను చేతిలో ఉన్నాయని, బడికి పంపే తల్లి బిడ్డని లోకానికి బలి ఇస్తోందని మూడో వారం వీడియోలోనే అంటుంది. మా ఇంట్లో ఆ మాట ఎలా మింగుడు పడుతుంది? మా నాయనమ్మ వాళ్ల అమ్మని ఊళ్లో బడి గడప ఎక్కనివ్వలేదు, ఏ కులమో మీరు అర్థం చేసుకోగలరు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గురించి మా వైపు చిన్నపిల్లలు కూడా చెప్తారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల వెంట మా పల్లెలకి గుడి వచ్చింది, గుడితోపాటు బడి వచ్చింది. ఎక్కువచోట్ల రెండూ ఒకటే పాక, ఆదివారం గుడి, సోమవారం బడి. ఆ పాకలో మా నాయనమ్మ అక్షరాలు దిద్దింది, పంతులమ్మ అయింది, నాన్నని సైన్సు మాస్టర్ని చేసింది. మాకు దేవుడు చేసిన మేలు ఏది అంటే మా ఇంట్లో ముందు బడి పేరే చెప్తారు. అదే అమెరికా నుంచి అదే ప్రభువు పేరు చెప్పి ఒకావిడ బడి పాపం అంటుంటే, నేను నాయనమ్మ ఫోటో ఉన్న గదిలో కూర్చుని ఆ వీడియో చూశాను. ఆపేసి లేచి వెళ్లిపోవాల్సింది, లేవలేదు, ఇంకా ఆరు నెలలు చూశాను.

ఆవిడని విమర్శించేవాళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కోర్సు మీద మనసు విరిగాక నేను అటు వెళ్లాను. ఆవిడ పోస్టుల స్క్రీన్‌షాట్లు పెట్టి ఏకిపారేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. మొదట్లో హాయిగా అనిపించింది, నాకొక్కదానికే కాదు అని. తర్వాత ఒకరోజు ఆవిడ పదేళ్ల కూతురు నాయనమ్మకి రాసిన ఉత్తరం ఫోటో వచ్చింది, తల్లే గొప్పగా పెట్టుకుంది, అందులో స్పెల్లింగ్ తప్పులు ఏడో ఎనిమిదో ఉన్నాయి. ఒక్కో తప్పు చుట్టూ ఎర్ర గుండ్రాలు గీసి వందలమంది నవ్వారు. ఈ పిల్ల పెద్దయ్యాక గిన్నెలు కడగడానికే పనికొస్తుంది అని ఒకరు రాస్తే దానికీ లైకులు. నేను ఆ ఉత్తరం చూస్తూ మా పెద్దదాని 385 గుర్తొచ్చి వణికిపోయాను. ఆ నోటు పుస్తకం నేనూ ఒక శుక్రవారం ఫోటోలో పెట్టి ఉంటే దాని చుట్టూ కూడా ఎర్ర గుండ్రం పడేది. తల్లి గొప్పకీ ఆ పిల్లే, వీళ్ల నవ్వుకీ ఆ పిల్లే. ఆ పిల్లకి స్పెల్లింగ్ నేర్పే ఆలోచన ఆ రోజు అక్కడ ఒక్కరికీ రాలేదు.

ఈ వెక్కిరింతల వల్ల ఆవిడకి నష్టం కూడా లేదు. ప్రతి స్క్రీన్‌షాట్‌కి "నా నిమిత్తం జనులు మిమ్మల్ని నిందిస్తారు" అనే అర్థంలో ఒక వాక్యం పెట్టి, విశ్వాసం కోసం శ్రమలు పడుతున్నాను అని రాసేది. ఆ వారం కోర్సు మీద తగ్గింపు ఉండేది. గ్రూపులో మేమంతా ఆవిడ శత్రువుల నోళ్లు మూతపడాలని ప్రార్థించాం, నేనూ ఆమెన్ అన్నాను.

కానీ ఆ శత్రువుల్లో ఇంకో రకం ఉన్నారు, వాళ్లని మాత్రం దయచేసి చదవండి. ఇలాంటి ఇళ్లలో ఇలాగే చదువుకుని పెద్దయినవాళ్లు. వాళ్లు ఎగతాళి చెయ్యరు, పిల్లల ఫోటోలు పెట్టరు. ఒక అమ్మాయి రాసింది, తొమ్మిదేళ్లకి తమ్ముళ్లు, చెల్లెళ్లు అయిదుగురికి వంట చేసి పెట్టగలిగేదాన్ని, బీజగణితం మాత్రం పంతొమ్మిదేళ్లకి కమ్యూనిటీ కాలేజీలో మొదటిసారి చూశాను, అమ్మని ఇప్పటికీ ప్రేమిస్తాను, అయినా నా లెక్కలు ఎవరైనా ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది అని. ఆ అమ్మాయి పోస్టులో ఎక్కడా కోపం లేదు, నేను రెండుసార్లు చదివి ఏడ్చాను. ఇలా ఇంట్లో చదువుకుని పెద్దయినవాళ్లే 2013లో ఒక సంస్థ పెట్టారు, కోయలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్ అని. వాళ్లు హోమ్‌స్కూలింగ్ నిషేధించమనరు, పిల్లల చదువు ఏడాదికోసారి బయటివాళ్లు ఎవరైనా చూడాలి, ఆ పిల్లల క్షేమం ఎవరో ఒకరికి తెలియాలి అంటారు. తల్లిదండ్రుల హక్కుల కోసం 1983 నుంచి కోర్టుల్లో పోరాడుతున్న హెచ్‌ఎస్‌ఎల్‌డీఏ అనే హోమ్‌స్కూలింగ్ సంస్థ వాళ్లు ఇలాంటి తనిఖీలని ఒప్పుకోరు. రెండు వైపులా చదివాను. ఫిబ్రవరికి ముందు అయితే నేను తల్లిదండ్రుల హక్కు వైపే ఉండేదాన్ని. ఇప్పుడు నాకు ఆ ఏడాదికోసారి చూసే మనిషి కావాలి, ఎందుకంటే నేను చదువుకున్నదాన్ని, ప్రేమ ఉన్నదాన్ని, ఇంట్లోనే ఉన్నదాన్ని, అయినా అయిదు నెలలు చూసుకోలేదు.

నేను హోమ్‌స్కూలింగ్ తప్పు అనడం లేదు. మా పక్క వీధిలో ఒక తెలుగు కుటుంబం ఆటిజం ఉన్న బాబుని ఇంట్లోనే చదివిస్తోంది, లెక్కలకి మంచి పుస్తకం పెట్టుకున్నారు, ఏడాదికోసారి సొంతంగా డబ్బులు కట్టి టెస్టు రాయిస్తారు, ఏ పేజీలోనూ ఆ బాబు ఫోటో లేదు. కోవిడ్‌లో చాలామంది ఇటు వచ్చారు, ప్రభుత్వ సర్వే ప్రకారం టెక్సస్‌లో బడి వయసు పిల్లలున్న ఇళ్లలో ఇలా ఇంట్లో చదివించేవి 2020 వసంతంలో 4.5 శాతం, ఆ ఏడాది అక్టోబరుకల్లా 12.3 శాతం. ఇప్పుడు ఇంకో సంగతి కలిసింది, అందుకే నాకు ఇన్ని ఫోన్లు. 2025లో పాసైన చట్టం ప్రకారం 2026-27 నుంచి అర్హత దొరికిన పిల్లలకి ఇంటి చదువు ఖర్చు కింద ఏడాదికి 2,000 డాలర్ల వరకు రాష్ట్రం ఇస్తుంది. డబ్బు వస్తోందంటే అమ్మేవాళ్లు పెరుగుతారు, అందమైన బల్లలు, ఎండ పడే కిటికీలు ఇంకా చాలా చూస్తారు.

కాబట్టి కొనాలనుకునే వాళ్లు అమ్మే ఆవిడ పిల్లల ఫోటోలు చూడకండి, మీ పిల్ల తరగతి లెక్కల పాఠాలు రెండు నమూనాగా పంపమని అడగండి, పంపకపోతే వదిలెయ్యండి. లెక్కలకి వేరే పుస్తకం ఎలాగూ కొనాలి, ఆ ఖర్చు కలిపి చూసుకోండి. ఖాన్ అకాడమీ అనే వెబ్‌సైటు ఉచితం, కనీసం తప్పు ఎక్కడ చేస్తోందో చూపిస్తుంది. చివర్లో ఒక టెస్టు రాయించండి, తక్కువ వస్తే కంగారు పడకండి, తెలియకపోవడం కంటే నయం. ఇక్కడ క్రైస్తవ కో-ఆప్‌లలో, అంటే ఇంట్లో చదివించే కుటుంబాలు కలిసి పాఠాలు చెప్పుకునే గ్రూపుల్లో, చేరాలంటే చాలా చోట్ల విశ్వాస ప్రకటన మీద సంతకం అడుగుతారు, చదివి పెట్టండి, కొన్నిటిలో మనకి నచ్చని మాటలు ఉంటాయి. ఫోటో తీసుకోండి, అమ్మమ్మకి, నాయనమ్మకి పంపండి, అక్కడితో ఆపండి.

2024 ఆగస్టులో పెద్దదాన్ని నాలుగో తరగతికి అదే బడికి తిరిగి పంపాం. అంతకుముందు వేసవి అంతా మా ఆయన రోజూ రాత్రి ఎనిమిదికి దానితో కూర్చుని తీసివేతలు చేయించాడు. పదిరూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు ఇండియా నుంచి తెచ్చినవి ఉంటే వాటితో చెప్పాడు, పక్కింట్లో చిల్లర లేదు, ఎదురింటికి వెళ్లి నోటు మార్చుకురావాలి అని. సున్నా వచ్చినచోట దానికి పదిరోజులు పట్టింది. కాగితాలకి కొరత లేదు, ఆ 212 పేజీలు ఒకవైపే ప్రింట్ చేశాను కదా, వెనక వైపు తెల్లగా ఉంది. ఇప్పుడది భాగహారాలకొచ్చింది, చిన్నోడు తీసివేతలు మొదలుపెట్టాడు, నలభై కాగితాలు ఇంకా మిగిలే ఉన్నాయి.